గుండ్రటి గుడారం నిలిచేది చూరు దగ్గరే

అమెరికాలోని పెన్సిల్వేనియా పశ్చిమాన వేసవిలో పెన్సిక్ వార్ పేరుతో పెద్ద విడిది వెలుస్తుంది. 1966లో బర్క్‌లీలో పుట్టిన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం సభ్యులు 1972లో దాన్ని మొదలుపెట్టారు. వేలమంది మధ్యయుగపు ఐరోపా దుస్తులు వేసుకుని, ఆనాటి వంటలు వండుకుని, కవచాలు తొడుక్కుని పోరాడతారు. ఇంగ్లండ్‌లో, జర్మనీలో, పోలండ్‌లో కూడా ఇలాంటి విడుదులు ఉన్నాయి. వచ్చేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు నైలాన్ టెంటు పక్కనపెట్టి సొంతంగా గుడారం కుట్టుకోవాలన్న కోరిక పుడుతుంది. ఇక ఏ రంగు వేద్దాం, పైన ఏ జెండా ఎగరేద్దాం అని మొదలవుతుంది. అసలు చిక్కు మాత్రం పైకప్పూ, చుట్టూ గోడలా వేలాడే గుడ్డ అయిన కనాతూ కలిసే చోట, అంటే చూరు దగ్గర ఉంది. గుండ్రటి గుడారం నిలిచినా, ఒరిగినా, కారినా కారణం ముందు అక్కడే వెతకాలి.

పూరింట్లో వాసాలు బరువు మోస్తాయి, గడ్డి వాటిమీద పడి ఉంటుంది. నిట్రాడు ఒక్కటే ఉన్న గుడారంలో వాసాలుండవు. గుడ్డే కప్పు, గుడ్డే వాసం. గుడ్డ ఒత్తితే మడతపడుతుంది, లాగితేనే బలం చూపిస్తుంది. కాబట్టి ప్రతి అంగుళం ఏదో ఒక వైపు లాగబడుతూ ఉండాలి. నిట్రాడు కొనను పైకి నెడుతుంది. దాంతో కప్పు చూరును పైకీ లోపలికీ లాక్కుంటుంది. దానికి ఎదురుగా చూరును కిందికీ బయటికీ లాగేది ఒకటి ఉండాలి. కిందికి లాగడానికి కనాతు, దాని అడుగున కొట్టిన మేకులు ఉన్నాయి. మరి బయటికి లాగేదేమిటి?

దీనికి ఆనాటి గుడారాలే సాక్ష్యం చెప్పాలి. కానీ పశ్చిమ ఐరోపాలో మధ్యయుగపు గుడారపు గుడ్డ మనదాకా చేరింది చాలా తక్కువ. వానకు తడిసి, బురదలో నలిగి, చివరికి చింపి వేరే పనులకు వాడేసిన వస్తువు అది. మన దేశంలో 17, 18 శతాబ్దాల రాజుల గుడారాలు కొన్ని భద్రంగా మిగిలాయి. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలోని మొగల్ లాల్ డేరా, వేల్స్‌లో పొవిస్ కోటకు చేరిన టిప్పు సుల్తాన్ అద్దకపు గుడారం అలాంటివి. ఐరోపా విషయంలో ఎక్కువగా చిత్రాల మీదే ఆధారపడాలి. 15వ శతాబ్దంలో పీరో దెల్లా ఫ్రాంచెస్కా అరెజ్జోలోని చర్చి గోడమీద వేసిన కాన్‌స్టంటైన్ స్వప్నంలో గుడారం తెరలు రెండు పక్కలకూ తొలగి, నడుమ నిట్రాడు కనిపిస్తుంది. పారిస్ క్లూనీ మ్యూజియంలో, 1500 ప్రాంతంలో నేసిన యూనికార్న్ తెరల్లో ఒకదానిమీద నీలిరంగు గుడారం ఉంది, దాని తాళ్లను చెట్లకు కట్టారు. 1520లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ, ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ కలె దగ్గర కలుసుకున్నారు. ఆ కాలపు గుడారాల రంగు నమూనాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

చిక్కేమిటంటే, చాలా చిత్రాల్లో తాళ్లే ఉండవు. అయినా చూరు చక్కగా గుండ్రంగా బిగిసి ఉంటుంది. చిత్రకారుడు తాళ్లు గీయడం మానేశాడా, లేక లోపల కనిపించని చట్రం ఏదైనా ఉందా అన్నదానిమీద గుడారాలు కుట్టేవాళ్ల మధ్య తెగని వాదం నడుస్తూనే ఉంది. చారిత్రకంగా తాళ్ల పక్షమే బలమైనది. తాళ్లు గీసిన చిత్రాలు కళ్లెదుటే ఉన్నాయి, లోపలి చట్రానికి ఆధారాలు అంత సూటిగా లేవు. అయినా ఇవాళ్టి విడుదుల్లో చట్రం ఉన్నవీ బోలెడు. అందుకు కారణం చరిత్ర కాదు, స్థలం.

తాడు, చక్రం, కడియం

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక కొలత పెట్టుకుందాం. చూరు దగ్గర వ్యాసం 4 మీటర్లు, కనాతు ఎత్తు 1.8 మీటర్లు, కొన ఎత్తు 3.8 మీటర్లు. అంటే కప్పు 2 మీటర్లు లేస్తుంది, వాలు సరిగ్గా 45 డిగ్రీలు. ఇద్దరు మంచాలు వేసుకుని, ఒక పెట్టె, చిన్న బల్ల పెట్టుకోవడానికి సరిపోతుంది. వాలు 35 డిగ్రీల కంటే తగ్గిస్తే గుడ్డ వదులైన చోట వాన నీరు నిలుస్తుంది. నిలిచిన నీరు గుడ్డను ఇంకా కుంగదీస్తుంది, కుంగిన చోట ఇంకాస్త నీరు చేరుతుంది.

తాళ్లతో కడితే, కప్పు వాలు ఏ కోణంలో దిగుతుందో తాడు కూడా అదే కోణంలో నేలకు దిగడం మంచిది. అప్పుడు కప్పు లాగుడు నేరుగా తాడులోకి పోతుంది, కనాతుమీద భారం పడదు. కనాతు ఉత్త తెరలా వేలాడుతుంది, పగలు పూర్తిగా చుట్టేసుకోవచ్చు. కానీ 1.8 మీటర్ల ఎత్తు నుంచి 45 డిగ్రీల్లో దిగే తాడు కనాతుకు 1.8 మీటర్ల దూరాన నేల తాకుతుంది. 4 మీటర్ల గుడారానికి 7.6 మీటర్ల వ్యాసమున్న స్థలం కావాలన్నమాట. మనిషికింత అని స్థలం కొలిచి ఇచ్చే విడుదుల్లో ఇది పెద్ద సమస్య. స్థలం కలిసొస్తుందని తాళ్లను నిటారుగా దించితే బయటికి లాగే బలం తగ్గిపోతుంది. చూరు లోపలికి జారి కప్పు ముడతలు పడుతుంది.

రెండో పద్ధతి చక్రం. నిట్రాడుకు 1.8 మీటర్ల ఎత్తున బండి చక్రం నడుమ ఉండేలాంటి చెక్క కుండ బిగించి, దాన్నుంచి చుట్టూ 2 మీటర్ల ఆకులు, అంటే చక్రపు ఆకుల్లాంటి కర్రలు, చూరు దాకా పోనిస్తారు. బయటి తాళ్లు అక్కర్లేదు. ఇక్కడ కనాతు తెర కాదు, కప్పును కిందికి లాగి పట్టే భాగం. అందుకే దాని అడుగు కాస్త బయటికి వాలాలి, ప్రతి కుట్టు దగ్గరా గట్టి మేకు పడాలి. కనాతు బయటికి వాలినకొద్దీ ఆకులమీద ఒత్తిడి తగ్గుతుంది. ఆకుల మందం విషయంలో పొదుపు పనికిరాదు. కర్ర రెండు కొనల నుంచి పడే ఒత్తిడికి వంగకుండా నిలిచే బలం దాని వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. 25 మిల్లీమీటర్ల కర్ర బదులు 19 మిల్లీమీటర్లది పెడితే బలం మూడో వంతుకు పడిపోతుంది. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకేలా అనిపిస్తాయి. గాలి మొదలయ్యాక సన్నవి విల్లులా వంగి, చూరు జేబుల్లోంచి ఊడి వస్తాయి. ఆకు కొన దిగే జేబుకు తోలుముక్క వేయకపోతే కర్ర గుడ్డను చీల్చుకుని బయటికి పొడుచుకొస్తుంది.

మూడోది చూరు అంచులోకి గొట్టంతో చేసిన కడియం దూర్చడం. లెక్క ప్రకారం అదీ లోపలి లాగుడును ఆపుతుంది. కానీ సన్నటి గొట్టమైతే ఒక పక్క గాలి కొట్టగానే కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆ తర్వాత గుండ్రం కాదు. మొదటి గుడారం కుట్టేవాళ్లు స్థలముంటే తాళ్లే ఎంచుకోవాలి. తాళ్ల గుడారంలో కొలత తప్పులు తాడు బిగించి సర్దుకోవచ్చు, చక్రపు గుడారం అర అంగుళం తప్పునూ క్షమించదు.

కలీల లెక్క

కప్పును 16 కలీలుగా, అంటే పైన సన్నగా కింద వెడల్పుగా ఉండే ముక్కలుగా కుడదాం, కలీల లెహంగాకు కత్తిరించినట్టే. చూరు 16 భుజాల ఆకారం అవుతుంది, ఒక్కో భుజం 78 సెంటీమీటర్లు. కొన నుంచి చూరు మూలకు కుట్టు పొడవు 2.83 మీటర్లు. కలీ నడిమి ఎత్తు మాత్రం 2.80. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కత్తిరించేవాళ్లు చాలామంది. 16 కలీలకు తేడా 3 సెంటీమీటర్లే, 8 కలీలతో కుడితే 10 దాటుతుంది.

కలీ కొన సూదిగా ఉండకూడదు. 16 కుట్లు ఒకే బిందువు దగ్గర కలిస్తే పదుల పొరలు పేరుకుపోయి ఏ మిషనూ కుట్టలేదు, నీరు కారేదీ అక్కడే. కొనను 2 సెంటీమీటర్ల వెడల్పు దగ్గర తెంచాలి. అప్పుడు పైన సుమారు 10 సెంటీమీటర్ల రంధ్రం మిగులుతుంది. రెండు పొరల కాన్వాస్‌తో, లోపల తోలుతో కుట్టిన శంకువు టోపీని దానిమీద వేసి కలీలకు గట్టిగా కుట్టాలి. నిట్రాడు నెట్టేది ఆ టోపీనే. నిట్రాడు కొనలోని ఇనుప సీల దాని నడుమ నుంచి పైకి వస్తుంది, పైన కలశం కూర్చుంటుంది.

కుట్టుకు పక్కకి 2 సెంటీమీటర్లు కలిపితే కత్తిరించే ముక్క అడుగున 82, పైన 6 సెంటీమీటర్లు వస్తుంది. పైనా కిందా మడతలతో పొడవు 2.80 మీటర్లు. ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా పక్కపక్కన పెడితే జత 126 సెంటీమీటర్లలో ఇముడుతుంది. 150 సెంటీమీటర్ల పన్నా గుడ్డలో ఎనిమిది జతలకు 22.4 మీటర్లు చాలు. అంచున మిగిలిన 24 సెంటీమీటర్ల పట్టీ చూరుకు వేలాడే ఝాలరుకు సరిపోతుంది. ఎడమ పక్కన మిగిలే 38 సెంటీమీటర్ల పొడవాటి త్రికోణాన్ని పారేయకండి, దాని పని ఇప్పుడే వస్తుంది.

కనాతుకు చుట్టూ 12.5 మీటర్లు, తలుపు దగ్గర ఒకదానిమీద ఒకటి పడటానికి 60 సెంటీమీటర్లు కావాలి. నిలువుగా కుట్టిన 9 ముక్కలు సరిపోతాయి. ఒక్కోటి 1.95 మీటర్లు, మొత్తం 18 మీటర్ల లోపే. ముక్కల మధ్య 8 కుట్లు ఉంటాయి. ఆ ఎనిమిదింటిలో ఇందాకటి త్రికోణాలను పొడవుకు కోసి దూర్చితే కనాతు అడుగున ఒక్కోటి 23 సెంటీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అడుగు అన్ని వైపులా దాదాపు 30 సెంటీమీటర్లు బయటికి వస్తుంది. చక్రపు గుడారానికి అది తప్పనిసరి, తాళ్ల గుడారానికి కూడా నీరు గోడకు దూరంగా పడుతుంది కాబట్టి మేలే.

తప్పులకు, ముడుచుకోవడానికి కలుపుకుని 45 మీటర్లు కొనాలి. చదరపు మీటరుకు 340 గ్రాముల కాన్వాస్‌తో గుడ్డ ఒక్కటే 17 కిలోల దాకా తూగుతుంది.

గుడ్డ, దారం, కుట్టు

ఆనాడు నార గుడ్డ, జనపనార గుడ్డ వాడారు, ధనికులు పట్టు కూడా. ఇప్పుడు ఆ మందంలో నార గుడ్డ చాలా ఖరీదు. అందుకే ఎక్కువమంది నీటిని, బూజును తట్టుకునేలా శుద్ధి చేసిన కాటన్ కాన్వాస్ కొంటారు. ముందుగా కుదించని కాటన్ తొలి తడికి వందకు 5 నుంచి 10 దాకా ముడుచుకుంటుంది. 2.80 మీటర్ల కలీ 14 సెంటీమీటర్లు పోగొట్టుకుంటే గుడారం కొలతలన్నీ పోయినట్టే. కుదించినదే కొనాలి, లేదా కత్తిరించక ముందే తడిపి ఆరబెట్టాలి. రంగుల చారల కోసం రెండు వేర్వేరు తానులు కలిపి కుడితే రెండూ ఒకేలా ముడుచుకోవు, కుట్టు పొడవునా గుడ్డ ముడతలు పడుతుంది. కొన్ని విడుదుల్లో, అమెరికాలో మరీ ముఖ్యంగా, మంట తొందరగా అంటుకోని గుడ్డే ఉండాలని నియమం ఉంటుంది. అక్కడ గుడారపు గుడ్డ మంటను తట్టుకుంటుందని చెప్పే సీపీఏఐ-84 ప్రమాణపు ముద్ర అడుగుతారు.

దారం లోపల పాలియెస్టర్, పైన కాటన్ చుట్టినది ఉండాలి. పాలియెస్టర్ బలమిస్తుంది, కాటన్ తడికి ఉబ్బి సూది రంధ్రాలను మూసేస్తుంది. సూది 110 లేదా 120 సైజు, కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. కుట్లు మరీ దగ్గరైతే సూది రంధ్రాల వరుసే గుడ్డను చీల్చే గీతవుతుంది. జీన్స్ ప్యాంటు పక్కన ఉండే, అంచులు లోపలికి మడిచి రెండు వరుసలు వేసే కుట్టే ఇక్కడ పనికొస్తుంది. ఇంటి మిషను నాలుగు పొరల దాకా కుడుతుంది. చూరు దగ్గర కుట్లమీద పట్టీ పడి పొరలు పెరిగే చోట మిషను చక్రాన్ని చేత్తో తిప్పాలి, లేదా మోటు సూదితో చేత్తో కుట్టాలి.

కలీల పక్క అంచులు పడుగుకు ఏటవాలుగా తెగుతాయి కాబట్టి సాగుతాయి. పక్కపక్క కలీలను పైనుంచి కిందికి పిన్నులు పెట్టి, ఎప్పుడూ పైనుంచి కిందికే కుట్టాలి. జతలు జతలుగా కలుపుకుంటూ పోవాలి: 16 నుంచి 8, 4, 2, చివరికి ఒకటి. ఒక్కో కుట్టు దగ్గర 5 మిల్లీమీటర్ల తేడా వస్తే చూరు చుట్టుకొలతలో 8 సెంటీమీటర్లు తప్పుతుంది. దీనికి మందు చూరు చుట్టూ కుట్టే 2.5 సెంటీమీటర్ల నూలు పట్టీ. దాన్ని 12.48 మీటర్లకు కొలిచి 16 సమభాగాలు గుర్తుపెట్టి, ఒక్కో గుర్తుకు ఒక్కో కుట్టు తెచ్చి పిన్ను పెట్టాలి. గుడ్డను పట్టీకి సర్దాలే తప్ప పట్టీని గుడ్డకు కాదు. అదే పట్టీని ప్రతి కలీ కుట్టు వెంట కొన దాకా పోనిస్తే కప్పు లాగుడంతా పట్టీల్లోకి పోతుంది, గుడ్డ తడిసినా సాగదు. ఇంకో 45 మీటర్ల పట్టీ ఖర్చవుతుంది, కానీ గుడారం ఆయుష్షు పెంచేది ఇదే. మధ్యలో అంచు రెపరెపలాడకుండా కలీ అడుగు గీతను తిన్నగా కాక నడుమ 3 సెంటీమీటర్లు లోపలికి వంపు తిప్పి కత్తిరించడం మంచిది.

ఝాలరు కనాతుకు బయటివైపు 15 సెంటీమీటర్లు వేలాడాలి, కనాతు లోపలివైపు చెక్క బొత్తాలతో, తాడు ఉచ్చులతో తగలాలి. ఇది తిరగబడితే కప్పు నీరంతా కనాతు లోపలికి దిగుతుంది. కనాతు అడుగు నేలకు తగిలితే కాటన్ కుళ్లుతుంది కాబట్టి చివరి 15 సెంటీమీటర్లు విప్పి మార్చుకోగల వేరే పట్టీగా కుట్టుకోవాలి.

గాలి, మేకులు, తడి

గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు దాదాపు 17 కిలోల బలంతో నెడుతుంది. మన గుడారం పక్కనుంచి చూస్తే 11 చదరపు మీటర్లకు కాస్త పైన. అంటే సుమారు 190 కిలోలు. గాలి 30కి తగ్గితే నెట్టుడు నాలుగో వంతుకు పడిపోతుంది. గాలి వచ్చే వైపున్న అయిదారు తాళ్లే ఈ భారంలో ఎక్కువ మోస్తాయి. ఒక్కోదానికి 50 కిలోలు పడినా నిలవాలి. 20 సెంటీమీటర్ల సన్న మేకులు మెత్తటి నేలలో అంత పట్టవు. చూరు తాళ్లకు 40 నుంచి 45 సెంటీమీటర్ల మేకులు కావాలి, తల గుడారానికి ఎడంగా వాలేలా కొట్టాలి. కనాతు అడుగుకు పొట్టివి చాలు.

వేసేటప్పుడు మధ్యలో గూటం కొట్టి, 3.8 మీటర్ల తాడుతో వృత్తం గీసి, 1.48 మీటర్లకొక మేకు కొడితే 16 సరిగ్గా పడతాయి. ఒక్కో తాడుకు వాలు, ముడి కలిపి 3.7 మీటర్లు, మొత్తం 60 మీటర్లు. తలుపు ముందే మూసి బొత్తాలు పెట్టాలి, తెరిచి బిగిస్తే ఆ తర్వాత మూసుకోదు. ఎదురెదురుగా నాలుగు తాళ్లు ముందు కట్టి, నిట్రాడు నిటారైందని చూసుకుని మిగతావి బిగించాలి. నిట్రాడు కింద 30 సెంటీమీటర్ల చదరపు పలక లేకపోతే వానకు అది నేలలోకి దిగుతుంది. 5 సెంటీమీటర్లు దిగినా కప్పంతా వదులవుతుంది, అందరూ తాళ్లను తిట్టుకుంటారు. నిట్రాడు 3.8 మీటర్లూ ఒకే కర్రగా కారులో పట్టదు కాబట్టి రెండు ముక్కలు చేసి 45 సెంటీమీటర్ల ఉక్కు గొట్టంతో అతకాలి.

జనపనార తాడు తడిస్తే పొడవు తగ్గి బిగుసుకుంటుంది, ఆరితే వదులవుతుంది. సాయంత్రం మబ్బు పడితే తాళ్లను కాస్త వదులు చేసి పడుకోవాలి. లేకపోతే తెల్లవారేసరికి మేకులైనా ఊడతాయి, చూరు కుట్లయినా తెగుతాయి. కొత్త కాన్వాస్ మొదటి వానకు చినుకులు రాల్చడం మామూలే. ఒకటి రెండుసార్లు పూర్తిగా తడిసి ఆరితే నూలు ఉబ్బి సందులు మూసుకుంటాయి. విడిదికి వెళ్లకముందే పెరట్లో గుడారం వేసి పైపుతో తడపడం మేలు. సబ్బు మాత్రం ఎప్పుడూ వాడకూడదు, నీటిని ఆపే శుద్ధి దానితో పోతుంది.

ఇంత లెక్క వద్దనుకునేవాళ్లకు వైకింగ్ చట్రపు గుడారం ఉంది. నార్వేలో 1904లో తవ్విన ఓసెబర్గ్ ఓడ సమాధిలో, క్రీ.శ. 834 నాటి ఖననంలో, గుడారపు చట్రం చెక్కలు దొరికాయి. రెండు జతల పలకలు పైన అడ్డంగా కలుస్తాయి, జంతువుల తలలు చెక్కిన కొనలు బయటికి పొడుచుకొస్తాయి. వాటిని ఒక కొప్పు దూలం, నేలమీద రెండు దూలాలు కలుపుతాయి. ఇక్కడ లాగుడంతా చెక్క మోస్తుంది, చూరే లేదు కాబట్టి చూరు బాధా లేదు. తాళ్లూ అక్కర్లేదు. 2.6 మీటర్ల వాలుకు 150 సెంటీమీటర్ల పన్నా గుడ్డ 5.5 మీటర్లవి రెండు కలిపి కుడితే కప్పు అయిపోతుంది. దూలం కొనలు పలకల రంధ్రాల్లోంచి బయటికి వచ్చే చోట 2 నుంచి 3 మిల్లీమీటర్ల వదులు ఉంచి చీలతో బిగించాలి. ఖాళీ లేకుండా చేస్తే వానకు చెక్క ఉబ్బి, తిరుగు ప్రయాణం రోజున సుత్తితో కొట్టినా ఊడదు.

రెండింటికీ ఒకే జాగ్రత్త. తడిగా మడిచిన కాన్వాస్‌కు వేసవిలో రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది, ఆ నల్ల మచ్చలు పోవు, గుడ్డ కూడా బలహీనపడుతుంది. వానలో విప్పాల్సి వస్తే ఇంటికి చేరిన రోజే విప్పి దండెంమీద వేయాలి. కుట్లు, చూరు పట్టీ గుడ్డకంటే చాలా ఆలస్యంగా ఆరుతాయి కాబట్టి వాటిని చేత్తో నొక్కి చూశాకే, పాలిథీన్ సంచిలో కాక గుడ్డ సంచిలో పెట్టాలి.